పొగ కాదు, ఆవిరే

మూసాపేటలో చలికాలం మొదలైందంటే పుణ్యవతికి ఒళ్లు మండుకొచ్చేది. వాళ్ల తణుకు వైపు చలి వేరు. అక్కడ మంచు కురుస్తుంది, గాలిలో చెమ్మ ఉంటుంది, మనిషి మనిషిలా ఉంటాడు. ఇక్కడిదేం చలో ఆవిడకి అంతుపట్టలేదు. పెదాలు పగుళ్లు, ముక్కులో పొక్కులు, ఒంటికి రాసుకున్న కొబ్బరినూనె కాఫీ తాగేలోగా ఇంకిపోతుంది. కొడుకు సీతారామాంజనేయులికి సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం దొరికింది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఈ ఊళ్లో ఆవిడ ఒక్క పూట కూడా ఉండేది కాదు.

డెబ్బైల నాటి మాట. మూసాపేట అప్పటికింకా పల్లెటూరే. నీలమ్మ ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకున్నారు. పెరటి గోడ దాటితే జొన్నచేలు. కోడలు జయలక్ష్మికి పుట్టింట్లో తల్లి లేదు కనుక తొలి కాన్పయినా అత్తింట్లోనే జరిగింది. పురిటి స్నానాలు, కాయం, పథ్యం, అన్నీ పుణ్యవతి చేతుల మీదుగానే. ఆ సంగతి పక్కింటివాళ్లకి వినపడేలా రోజుకోసారైనా అంటుంది, అది వేరే విషయం.

ఆ పొద్దున పాప పాలు తాగడం లేదు. ఇంకా రెండు నెలలు నిండని పిల్ల. రొమ్ము అందుకుంటుంది, ముక్కు మూసుకుపోయి ఊపిరాడక వదిలేస్తుంది, ఏడుస్తుంది. జయలక్ష్మి చీర కొంగుతో దాని ముక్కు తుడుస్తూ కూర్చుంది.

"నిన్న మధ్యాహ్నం ఏం తిన్నావు?" అంది పుణ్యవతి గుమ్మంలో నిలబడి.

"పెరుగన్నం అత్తయ్యా. ఒక్క ముద్దే."

"ఒక్క ముద్దే. బాలింతవి, నీ నోట్లోకి పోయిందల్లా పాలలోకి దిగుతుందని ఎన్నిసార్లు చెప్పాలి? చల్లటి పాలు తాగి పిల్లకి పడిశం పట్టింది. ఇంకేం చెయ్యాలి అది?"

"అమ్మా, పొద్దున్నే మొదలెట్టావా?" అన్నాడు సీతారామాంజనేయులు, సైకిలుకి టిఫిను డబ్బా తగిలించుకుంటూ. సమాధానం కోసం ఆగలేదు. ఆడవాళ్ల గొడవల్లో తలదూర్చకపోవడమే తెలివి అనుకునే మగవాడు.

అతను వెళ్లాక పుణ్యవతి ఆలోచనలో పడింది. సాంబ్రాణి వేద్దామంటే దారి లేదు. కిందటి వారం దవాఖానలో డాక్టరమ్మ పిల్ల దగ్గు విని, పసిపిల్ల ఉన్న గదిలో ఏ పొగా పెట్టకూడదని గట్టిగా చెప్పింది. సాంబ్రాణి పొగ తగలని పిల్లని పుణ్యవతి పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అయినా కోడలు ఎదురుగా నిలబడి విన్నది కనుక నోరు మూసుకుని మానేసింది. అవును, పొగ వద్దంది. ఆవిరి వద్దనలేదుగా?

ఆ ఆలోచన రాగానే ఆవిడకి ఎక్కడలేని హుషారొచ్చింది. గాలి పొడిగా ఉండటమే కదా అసలు బాధ. ఆవిరి పెడితే గదంతా చెమ్మ పడుతుంది, పిల్ల ముక్కు దారికొస్తుంది. జయలక్ష్మి స్నానానికి వెళ్లగానే కిరసనాయిలు స్టవ్ మీద ఇత్తడి గిన్నెలో నీళ్లు కాచింది. నీలగిరి తైలం వంపింది. చిన్నపిల్ల కదా అని తగ్గించలేదు, ముక్కు బాగా బిగుసుకుంది కదా అని పెంచింది. హారతి కర్పూరం నలిపి వేసింది. దేవుడి ముందు వెలిగించేది పిల్లకి చెరుపెందుకు చేస్తుంది? గది తలుపు, కిటికీ మూసి, గిన్నెని చీర ఉయ్యాల కింద పెట్టి, ఆవిరి బయటికి పోకుండా పైనుంచి దుప్పటి కప్పింది. పాప కాసేపు గింజుకుని ఏడ్చింది. తర్వాత ఏడుపు ఆగింది.

"చూశావా, నిద్రపోయింది," అనుకుంది పుణ్యవతి. గిన్నెని మూలకి జరిపి, వంటింట్లోకి వెళ్లి పప్పు ఏరుతూ కూర్చుంది.

జయలక్ష్మి కేక వినపడేదాకా ఆవిడ చేతులు ఆ చేటలోనే ఉన్నాయి.

"అత్తయ్యా, పాప చూడండి, పాప."

పరుగెత్తుకెళ్లింది. తల్లి చేతుల్లో పిల్ల మెత్తగా వేలాడుతోంది. పెదాలు నీలంగా ఉన్నాయి. డొక్క లోపలికి పీక్కుపోయి, ఒక ఊపిరి వచ్చి, రెండోది రాకుండా ఆగిపోతోంది. నిద్రపోయిందనుకుంది పుణ్యవతి. పక్క గదిలోనే కూర్చుని, నిద్రపోయిందని సంతోషించింది.

కేక విని నీలమ్మ వచ్చింది. గడప దాటుతూనే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఏందక్కా గీ ఘాటు? కండ్లు మండుతున్నయి. తలుపులన్ని గిట్ల ఎందుకు బిగించినవ్?"

"నాకు పడిశం. ఆవిరి పట్టుకున్నాను," అంది పుణ్యవతి.

ఆ అబద్ధం ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. నోరు దానంతటదే ఆడింది. అబద్ధం ఆడిందంటే తప్పు తనదని ఎక్కడో తెలిసిందన్నమాటే.

"ముందుగాల పోరిని గాలికి తీస్కరా జయమ్మా, జల్ది," అంటూ నీలమ్మ ఆ ఇద్దర్నీ వాకిట్లోకి లాక్కెళ్లింది. బయటి గాలి తగిలాక పిల్ల ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చింది. ఏడవలేదు. నీలమ్మ మొగుడు పెంటయ్య ఫ్యాక్టరీకి కబురు పట్టుకుని వెళ్లాడు. పాపని ఉయ్యాల మీది దుప్పటిలోనే చుట్టుకుని పుణ్యవతీ జయలక్ష్మీ రిక్షా ఎక్కారు.

దవాఖానలో డాక్టరమ్మ పాపని లోపలికి తీసుకెళ్లి ఆక్సిజన్ పెట్టింది. బెంచీ మీద అత్తాకోడళ్లు ఒకరినొకరు చూసుకోకుండా కూర్చున్నారు. చాలాసేపటికి లోపలి నుంచి సన్నగా ఏడుపు వినిపించింది. జయలక్ష్మి గోడకి తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. అప్పుడే సీతారామాంజనేయులు చెమటలు కక్కుతూ వచ్చాడు. డాక్టరమ్మ అందర్నీ లోపలికి పిలిచింది.

"గండం గడిచింది. అసలేం జరిగింది? పొగ పెట్టారా?"

"లేదండి. మీరు వద్దన్నారుగా," అంది పుణ్యవతి. అది నిజమే.

"నేనే డాక్టరుగారూ," అంది జయలక్ష్మి. "నిన్న పెరుగన్నం తిన్నాను. అత్తయ్య వద్దంటూనే ఉన్నారు. నా పాల వల్లే."

సీతారామాంజనేయులు భార్య వైపు తిరిగాడు. అతను ఇంట్లో గొంతెత్తడం ఎవరూ ఎరగరు.

"అమ్మ అంత చెప్తున్నా నీకు నోరు కట్టుకోవడం చేతకాలేదా? పిల్లని చంపుకునేదానివి. ఇవాళ్టి నుంచి దానికి నీ పాలు పట్టకు. డబ్బా పాలే పోద్దాం."

"అలాగేనండి. మానేస్తాను," అంది జయలక్ష్మి.

"ఎవరయ్యా నీకు చెప్పింది?" డాక్టరమ్మకి కోపం వచ్చింది. "పెరుగన్నం తింటే పాలు చల్లబడవు. తల్లిపాల వల్ల పడిశం రాదు. ఈ దుప్పటి వాసన చూడు. నీలగిరి తైలం, కర్పూరం. ఆ ఘాటు పెద్దవాళ్ల ముక్కుకి హాయిగా ఉంటుంది. ఇంత పసిదానికి గొంతు బిగించేస్తుంది, ఊపిరి ఆపేస్తుంది. పొగైనా, ఆవిరైనా, గుడ్డకి రాసినా ఒకటే. కడుపుతో ఉన్నవాళ్లని కూడా వీటికి దూరంగా ఉండమనే చెప్తాం. గాలి పొడిగా ఉందనుకుంటే ఉత్త నీళ్లు చాలు, రోజూ కడిగిన గిన్నెలో, ఉయ్యాలకి దూరంగా, కిటికీ తెరిచి. ముక్కుకి ఉప్పునీటి చుక్కలు నేనిస్తాను. ఇంతకీ ఇది పెట్టిందెవరు?"

"అత్తయ్యకి పడిశం చేసి ఆవిరి పట్టుకున్నారండి," అంది జయలక్ష్మి. "అది పాప దాకా వచ్చి ఉంటుంది. నేను చూసుకోవలసింది. నాదే తప్పు."

పుణ్యవతి చెవులు ఆ మాటల దగ్గర లేవు. గొంతు బిగించేస్తుంది అన్న చోటే ఆగిపోయాయి. తణుకులో ఇంకో చీర ఉయ్యాల, ఇంకో ఇత్తడి గిన్నె, ఇంకో ఆడపిల్ల కళ్ల ముందుకొచ్చాయి. ఆ గిన్నె పెట్టింది ఆవిడ అత్తగారు. ఎంతో ప్రేమగా పెట్టింది. నిద్రపోయింది లేవే, ఇక నువ్వూ పడుకో అంది. ఆ పిల్ల మరి లేవలేదు. బాలింత దొంగచాటుగా చల్ల తాగింది, పాలు విషమయ్యాయి అని ఊరంతా అంది. తాగిన మాట నిజమే కనుక పుణ్యవతీ నమ్మింది. ఆ మాటని ఇన్నేళ్లూ మోసింది. ఇవాళ పొద్దున దాన్నే తీసి కోడలి నెత్తిన పెట్టింది.

"జయా," అంది. "నాకు పడిశం లేదు. ఏమీ లేదు. ఆ గిన్నె నేనే పెట్టాను, పాప ఉయ్యాల కింద. తైలం పోసి, కర్పూరం వేసి, దుప్పటి కప్పాను. పొగ కాదుగా, ఆవిరే కదా అనుకున్నాను. నీలమ్మతో అబద్ధం చెప్పాను. పాలు మానకు తల్లీ. నీ పాలేం చెయ్యలేదు. చేసింది నేను."

సీతారామాంజనేయులు తల్లి వంక తిరిగాడు. ఇందాక భార్యని అన్నదంతా అతని మొహంలోకి ఎర్రగా ఎక్కుతోంది.

"ఇప్పుడు తెలిసింది నాకు," అంది పుణ్యవతి కొడుకుతో. ఏడుపులో మాటలు తెగిపోతున్నాయి. "నీకన్నా ముందు నాకో ఆడపిల్ల పుట్టిందిరా. ఇంతే ఉండేది. దానికీ మా అత్తగారు ఇలాగే ఆవిరి పెట్టింది. పోయింది. నేను చల్ల తాగడం వల్లే పోయిందన్నారు."

"నాకు అక్కా?" అన్నాడు సీతారామాంజనేయులు. "ఎప్పుడూ చెప్పలేదేమ్మా?"

"నా పాలతో చంపుకున్నానని ఎలా చెప్పుకోనురా?"

జయలక్ష్మి లేచి ఆవిడ ముందుకొచ్చింది. ఆ మొహంలో కోపం ఉంది. ఉండకపోతే తల్లే కాదు. మరి కొట్టినా పడదామనే పుణ్యవతి తల వంచుకుంది.

"ఆ ఆవిరిలోనూ కర్పూరం వేశారా?" అని అడిగింది జయలక్ష్మి.

"వేశారు."

"తైలం కూడానా?"

"ఊ."

జయలక్ష్మికి కోపం పూర్తిగా పోలేదు గానీ, గొంతు మారింది.

"అయితే మీ పాల వల్ల కూడా కాదత్తయ్యా."

పుణ్యవతి తలెత్తింది. తన తప్పు ఎంతుందో లెక్కచూసుకోవడంలో పడి, ఆ మాట దాకా ఆవిడ ఆలోచన వెళ్లనే లేదు. నిజమా అన్నట్టు డాక్టరమ్మ వైపు చూసింది.

"నేను చూడని బిడ్డ. ఏ కారణంతో పోయిందో చెప్పలేను," అంది డాక్టరమ్మ మెల్లగా. "కానీ మీరు చల్ల తాగడం వల్ల మాత్రం కాదమ్మా. ఆ మాట నమ్మండి."

పుణ్యవతి రెండు చేతులతో నోరు నొక్కుకుంది. ఆ పిల్ల పోయిన రోజున కూడా ఆవిడని ఏడవనివ్వలేదు, చేతులారా చేసుకుని ఏడుపెందుకన్నారు. ఇప్పుడు ఆ దవాఖాన గదిలో, కోడలి భుజం మీద తల పెట్టి, పేరు కూడా పెట్టని ఆ పిల్ల కోసం మొదటిసారి గట్టిగా ఏడ్చింది.