ఒకటి నుంచి వరసగా

మంగళవారం ఉదయం 9:20. లూపే తౌకోలో అనే పరిశోధక విద్యార్థిని యూనివర్సిటీలో తన గది తలుపు తీసేసరికి బల్ల మీద లాప్‌టాప్ లేదు. పక్కనుండే నోట్‌బుక్కూ లేదు. తాళం చెక్కు చెదరలేదు.

10:05కి ఆమె గైడ్ డాక్టర్ ఇయన్ ప్రిడ్‌మోర్ డిపార్ట్‌మెంట్ మొత్తానికి మెయిల్ పెట్టాడు. పదకొండేళ్లుగా తనను ఏడిపిస్తున్న సమీకరణానికి పూర్ణసంఖ్యల్లో జవాబు దొరికిందట. కనిపెట్టింది తానేనట.

అది లూపే జవాబు. అంకెకు అంకె అదే. ఆమె నోరు విప్పగానే ఆయన ఎదురు ఫిర్యాదు చేశాడు, ఆ పిల్లే తన ఫైల్ కాజేసిందని.

శుక్రవారం మూడు గంటలకు యూనివర్సిటీలో విచారణ. దొంగ అని తేలితే లూపేకి స్కాలర్‌షిప్ ఉండదు, వీసా ఉండదు. దొంగ ముద్రతో సొంత దేశం టోంగాకి విమానం ఎక్కాలి.

లాప్‌టాప్ చోరీ కేసు హోబార్ట్ నగర పోలీస్ సార్జెంట్ గ్లెనిస్ ట్రెగెంజా చేతికొచ్చింది. ఆమెకు లెక్కలంటే చిన్నప్పటి నుంచీ ఒళ్లుమంట. అబద్ధాలంటే మాత్రం మహా ఆసక్తి. ముందు లూపేని పిలిచింది.

"ఇంకెక్కడైనా కాపీ ఉందా?"

"లేదు మేడమ్. నా బుద్ధి గడ్డి తింది."

"జవాబెలా దొరికింది?"

"సాఫ్ట్‌వేర్‌తో వెతికించా. ఇలాంటి సమీకరణాలే ఇంకో ఆరున్నాయి. అన్నిట్లోనూ జవాబులో మొదటి సంఖ్య ఏడుతో శేషం లేకుండా భాగం పోయింది. అందుకే ఏడుతో పోయేవే చూశా. మిగతావన్నీ వదిలేశా."

"ఇయన్‌కి చెప్పావా?"

"సోమవారం సాయంత్రం జవాబు చూపించా. ఎంత సంతోషించాడో!"

గ్లెనిస్‌కి జాలేసింది. కానీ జాలి సాక్ష్యం కాదు.

బుధవారం 11:45కి ప్రిడ్‌మోర్ గదిలో కూర్చుంది.

"మీకెలా దొరికింది డాక్టర్?"

"ఒకటి నుంచి వరసగా. ఒక్క సంఖ్య కూడా వదల్లేదు. ఈ మెషీన్ మీద నలభై రోజులు నడిచింది. మొదటి జవాబు తగలగానే ఆగింది."

"ప్రోగ్రామ్ ఇస్తారా?"

"సంతకం పెట్టి మరీ ఇస్తా. మీకర్థమవుతుందా, సార్జెంట్?"

"ప్రోగ్రామ్ అర్థం కాదు. సంతకం అర్థమవుతుంది."

గురువారం ఉదయం పదింటికి ఆ ప్రోగ్రామ్‌ని పోలీసు శాఖలో కంప్యూటర్లు చూసుకునే రస్ వీలన్ చేతిలో పెట్టింది. అచ్చం ప్రిడ్‌మోర్ మెషీన్ లాంటిదే అతని దగ్గర ఇంకోటుంది.

"నలభై రోజులు పడుతుంది గ్లెనిస్. నీకున్నది ఒక్కరోజు."

"ఎంత నడిస్తే అంత. నడిపించు."

4:10కి ఫోన్ మోగింది.

"ఆగిపోయింది," అన్నాడు రస్.

"చెడిపోయిందా?"

"చెడిపోలేదు. జవాబు దొరికి ఆగింది."

శుక్రవారం మూడింటికి విచారణ గదిలో గ్లెనిస్ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది.

"డాక్టర్, మీ జవాబులో మొదటి సంఖ్యకి పద్నాలుగు అంకెలు. ఈ రెండోదానికి పన్నెండే. ఇదీ సరైన జవాబే. రస్ మూడుసార్లు సరిచూశాడు. ఆరుగంటల పది నిమిషాల్లో మీ ప్రోగ్రామే దీన్ని పట్టుకుంది. ఒకటి నుంచి వరసగా వచ్చినవారు దీన్నెలా దాటారు?"

"మెషీన్ పొరపాటు కావచ్చు..."

"మెట్టు మెట్టూ ఎక్కినవాడు ఐదో మెట్టు మీద పడుకున్న కుక్కని చూడకుండా పదో మెట్టుకి చేరతాడా?"

ప్రిడ్‌మోర్ రెండు కాగితాల మీది అంకెలూ వేలితో లెక్కపెట్టాడు.

"ఈ చిన్న జవాబు ఏడుతో పోదు. ఏడుతో పోయేవే చూసింది కాబట్టి లూపే దీన్ని దాటేసింది. మీరు ఆమె జవాబు తీసుకున్నారు. దారి కూడా ఆమెదే చెబితే పట్టుబడతారని సొంతంగా ఒకటి రాశారు. దాన్ని ఒక్కరోజైనా నడిపి చూడలేదు."

"పదకొండేళ్లు..." అని ఆయన రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. 3:40కి ఆయన కారు డిక్కీలో లాప్‌టాప్, నోట్‌బుక్ దొరికాయి.

అందరూ వచ్చి లూపే భుజం తట్టారు. ఆమె రెండో కాగితం మీంచి చూపు తిప్పలేదు.

"ఇంక భయం లేదమ్మా," అంది గ్లెనిస్.

"ఈ సమీకరణాల జవాబులన్నీ ఏడుతో పోవాల్సిందేనన్నదే నా థీసిస్, మేడమ్. మూడేళ్ల పని. ఇదొక్కటి చాలు, అంతా తప్పని చెప్పడానికి."

"నిన్ను కాపాడింది ఇదే."

"తెలుసు. పెన్నుందా?"

గ్లెనిస్ ఇచ్చింది. లూపే ఆ పన్నెండు అంకెల సంఖ్యని కాగితం అంచున ఏడుతో చేత్తో భాగించింది.

"మూడు మిగిలింది," అంది.

కళ్లు తుడుచుకుని, మళ్లీ మొదటి అంకె నుంచి భాగించడం మొదలుపెట్టింది.