పద్దెనిమిదో హోల్ జెండా

"ఆ జెండా ఫ్రేములో మైక్ ఉందో లేదో నాలుగింటిలోపు తేల్చు పిల్లా," అంది ఏజెంట్ మోరాగ్‌తో ఎడిన్‌బరా సీక్రెట్ సర్వీస్ చీఫ్ మిసెస్ గిలెస్పీ, వేడివేడి మాంసం కూరిన రొట్టె తుంచుకుంటూ. "నాలుగింటికి ప్రధాని ఆ జెండా ఉన్న గదిలోనే మన కాలమ్ ఫైల్ చదువుతాడు. పైకి చదవకపోతే ఆయనకి బుర్రకెక్కదు."

గూఢచారి కాలమ్ మూడేళ్లుగా శత్రుదేశంలో మారుపేరుతో బతుకుతున్నాడు. ఆ పేరు బయటికొస్తే అక్కడితో సరి.

ప్రధాని కిన్నేర్డ్‌కి గోల్ఫ్ తర్వాతే దేశం. పాత ఛాంపియన్ రోరీ సంతకం చేసిన, ఫైనల్ నాటి ఆఖరి, అంటే పద్దెనిమిదో హోల్ జెండాని ఫ్రేము కట్టించి ఆయనకి నిన్ననే కానుకగా ఇచ్చింది వివియన్. వేలంపాటలు నడిపే అందగత్తె. రెండు దేశాల జీతం తీసుకుంటోందని అనుమానం.

మూడున్నరకి ఏజెంట్ మోరాగ్ అద్దాలు తుడిచే మనిషి వేషంలో ప్రధాని ఇంట్లో ఉంది. చేతికి స్కానర్ వాచీ.

"మూడుసార్లు స్కాన్ చేశాం, ఏం లేదు," అన్నాడు సెక్యూరిటీ ఆఫీసర్ స్ట్రువాన్. "దాన్ని ముట్టుకున్నావో, నీ ఉద్యోగంతో పాటు నాదీ ఊడుతుంది తల్లీ."

వాచీ కూడా ఏం లేదనే అంది. దూరం నుంచి ఎవరో ఆన్ చేసేదాకా ఇలాంటి మైక్ స్కానర్‌కి దొరకదు. మూడూ యాభై ఆరు. దిక్కుతోచక మోరాగ్ సంతకం కింది సంవత్సరం చూసింది. మళ్లీ చూసింది.

ఆఖరి హోల్ జెండా, గెలిచిన ఆటగాడి బ్యాగు మోసే కేడీకి దక్కుతుంది. ఇక్కడి ఆచారం అది. ఆ ఏడు రోరీ బ్యాగు మోసింది మోరాగ్ నాన్న. అసలు జెండా వాళ్ల వంటింట్లో, స్టవ్ పక్కన, సూప్ మరకతో వేలాడుతోంది.

తలుపు తెరుచుకుంది. ప్రధాని వస్తూనే ఫైల్ విప్పాడు. గొంతు సవరించుకున్నాడు. "కాలమ్ ప్రస్తుతం..."

వాచీ కీచుమంది. మోరాగ్ మూలనున్న గోల్ఫ్ కర్ర అందుకుని ఫ్రేము మీద ఒక్కటేసింది. గాజు భళ్లుమంది. చెక్క చీలికలోంచి బియ్యపు గింజంత మైక్ రాలింది. బూటుతో నలిపేసింది.

"నా జెండా!"

"నకిలీది సర్. వివియన్ గూఢచారి."

"ఛ, మంచి పిల్లమ్మా! పొద్దున ఏడో హోల్ దగ్గర మన కాలమ్ కథంతా, అక్కడ పెట్టుకున్న పేరుతో సహా చెప్తే కళ్లనీళ్లు పెట్టుకుంది పాపం."

వివియన్ విమానం మధ్యాహ్నమే ఎగిరింది. కాలమ్ ఫోన్ మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. మోరాగ్ మళ్లీ చేసింది. మళ్లీ.

గోడలకి చెవులుంటాయని ట్రైనింగ్‌లో ఆర్నెల్లు నేర్పారు. ప్రధానికి నోరుంటుందన్నది సిలబస్‌లో లేదు.