పేరు చెప్పి అడిగిన ప్రార్థన

శనివారం పొద్దున సుగుణకుమారి ఉప్మా రవ్వ వేయిస్తూ, పైగదిలో కూతురి అడుగుల చప్పుడు వింటోంది. ఏంజెలినా గ్లాస్గో యూనివర్సిటీ నుంచి ఇంటికొచ్చి రెండు రోజులైంది. కళ్ళెదుట ఉన్నంతసేపే బిడ్డ క్షేమం. గడప దాటిందంటే ఆ తల్లికి లోకంలోని బస్సులన్నీ బ్రేకులు లేనివే. లీసెస్టర్‌లో ఆ బస్సుల్లో ఒకటి నడిపేది కట్టుకున్న మొగుడే అయినా సరే.

ఆ మొగుడు శుభాకర్‌కి డ్యూటీ రోటా ప్రకారం ఆ రోజు సెలవు. టీ కప్పు మీంచి చూసి, "మాడుతోంది సుగుణా. రవ్వ గురించి కూడా కాస్త భయపడు" అన్నాడు.

"మీకన్నీ నవ్వులాటే. ఆ చదువేంటండీ? మిలిటరీ అంట, తుపాకులంట. నర్సింగ్ చదవమంటే విందా?"

కూతురి చదువు సుగుణకు అర్థమైనంతలో ఇదీ: సైన్యం ఏలే దేశంలో జనం ఓటు కోసం వీధుల్లోకి వస్తే, సిపాయిలు ఎప్పుడు కాలుస్తారు, ఎప్పుడు తుపాకీ దించేస్తారు అన్నది పరిశోధన. పదో తరగతితో ఆపేసి, ఇక్కడ కేర్ హోమ్‌లో ముసలివాళ్ళకు సేవ చేసే సుగుణకు అది ఆడపిల్ల తలదూర్చే వ్యవహారంలా కనిపించలేదు. కిందటి నెల, "వారం వారం ఎవర్ని కలుస్తున్నావే?" అని ప్రాణం తీస్తే ఏంజెలినా విసిగిపోయి చెప్పేసింది. థూరా అని బర్మా కుర్రాడు, పరిశోధన కోసం మాట్లాడిస్తోంది. ఊరేగింపు మీద కాల్చమంటే కాల్చకుండా సైన్యం వదిలి పారిపోయి వచ్చాడు. "ఎవరితోనూ అనకమ్మా" అంది. సుగుణ బైబిలు మీద చెయ్యి వేసి మరీ సరేనంది.

మెట్ల మీద గబగబా దిగిన చప్పుడు. ఏంజెలినా ఫోను పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, థూరా సంగతి ఎవరితో అన్నావ్?"

"నేనెవరితో అంటానే? ఒక్క దేవుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు."

"దేవుడికి ఎక్కడ చెప్పావ్?"

సుగుణ చేతిలో గరిటె ఆగింది. "మన వాట్సాప్ ప్రేయర్ గ్రూపులో."

వాళ్ళ తెలుగు క్రైస్తవ సహవాసంలో ఒక పద్ధతి ఉంది. ప్రార్థన మనవి దాపరికంగా పెట్టకూడదు. మనిషి పేరు, ఊరు, కష్టం విప్పి చెప్పాలి. "ఒకరి కోసం ప్రార్థించండి" అని పెడితే, గ్రూపు నడిపే పుష్పలీల ఊరుకోదు. "ఎవరమ్మా ఆ ఒకరు? ఎవరి కోసం మోకరించమంటావ్?" అని తిప్పి అడుగుతుంది. అందుకే సుగుణ వివరంగా వాయిస్ మెసేజ్ పెట్టింది.

ఏంజెలినా తల్లి ఫోను లాక్కుని అది వినిపించింది. "ప్రైజ్ ద లార్డ్ అక్కా. మా ఏంజెలినా గ్లాస్గోలో థూరా అనే బర్మా సిపాయిని కలుస్తోంది. సైన్యం నుంచి పారిపోయి వచ్చాడంట. వాళ్ళమ్మ ఇంకా అక్కడ మిలిటరీ క్వార్టర్స్‌లోనే ఉందంట. ఆ గొడవేదీ మా పిల్లకి చుట్టుకోకుండా ప్రార్థించండి."

శుభాకర్ కప్పు కింద పెట్టేశాడు.

"పుష్పలీల ఆంటీ దీన్ని ఇంగ్లీషులో రాసి అన్ని చర్చిల గ్రూపులోనూ పెట్టింది డాడీ. అందులో బర్మా వాళ్ళూ ఉన్నారు. ఎవరో జాలిపడి ఫేస్‌బుక్‌లో పెట్టారు, పేరుతో సహా. అతను ఇక్కడున్నాడని అక్కడి సైన్యానికి తెలిస్తే ముందు పట్టుకునేది వాళ్ళమ్మనే. థూరా ఇప్పుడే నాకు పంపాడు. మూడు రోజులుగా వాళ్ళమ్మ ఫోన్ ఎత్తట్లేదంట."

"ఛార్జింగ్ లేదేమోనే..."

"అమ్మా!" అని అరిచింది ఏంజెలినా. "పేరు బయటపెట్టనని యూనివర్సిటీలో సంతకం చేశాను. నా నోట్సులో అతను ఏడో నంబరు, అంతే. అన్ని తాళాలు వేసుకుని, చివరికి మా అమ్మకి చెప్పాను!"

"నీకేమైనా అవుతుందని కదే నా ఏడుపు."

"నాకు! ఎప్పుడూ నాకే! ఇంకెవరికీ అమ్మ ఉండదా?"

"వాడెవడో నాకు తెలీదు. నిన్ను కన్నాను. నీ గురించి భయపడటం తప్పంటావా?"

ఇంతలో ఏంజెలినా ఫోను మోగింది. థూరా. ఏంజెలినా మాట్లాడేలోపే సుగుణ స్పీకర్ నొక్కి, వచ్చీరాని ఇంగ్లీషులో, "బాబూ, సారీ. మిస్టేక్ నాది. అమ్మ కబురు తెలిసిందా?" అంది.

"లేదు ఆంటీ." థూరా ఒక్కొక్క మాటే కూడబలుక్కుని చెప్పాడు. "మా అమ్మా మీలాగే భయస్తురాలు. ఆ రోజు మమ్మల్ని వీధిలోకి పంపేముందు ఫోన్ చేసింది. ఆఫీసర్ కాల్చమంటే కాల్చెయ్, నువ్వు మాత్రం ప్రాణాలతో ఇంటికి రా అంది. నా పక్కన నిలబడ్డ వాళ్ళ అమ్మలూ అదే చెప్పారు. వాళ్ళు అమ్మ మాట విన్నారు ఆంటీ. నేను వినలేదు."

ఫోను ఆగిపోయింది.

సుగుణ కూతురి వైపు చూడలేక నేల చూపులు చూస్తూ, "నేనైనా అదే చెప్పేదాన్నే, ఏంజీ. కాల్చేసి ఇంటికొచ్చెయ్ అనే చెప్పేదాన్ని" అంది.

"తెలుసమ్మా."

ఈసారి ఏంజెలినా అరవలేదు. పైకెళ్ళి బ్యాగు సర్దుకుని వచ్చింది. "అతను ఒక్కడే ఉన్నాడు. పన్నెండింటి గ్లాస్గో బస్సుకి వెళ్తున్నా." వద్దే అన్న మాట సుగుణ నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి కోటు తొడుక్కుంది.

"నేనూ వస్తానే. ఆ అబ్బాయి ఎదుట నిలబడి చెప్పుకోవాలి."

ఏంజెలినా కోపం పోయిన కళ్ళతో తల్లిని చూసి, ఆ కోటు మెల్లగా విప్పించింది. "ఇప్పుడొద్దమ్మా. నిన్ను చూస్తే అతనికి వాళ్ళమ్మ గుర్తొస్తుంది."

ఏంజెలినా వెనక తలుపు మూసుకుంది. సుగుణ కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. శుభాకర్ వచ్చి పక్కన కూర్చుని, "పిల్ల జాగ్రత్తగానే వెళ్తుందిలే, ఏడవకు" అన్నాడు.

"దాని కోసం కాదండీ," అంది సుగుణ వెక్కుతూ. "ఆవిడ కోసం."