లక్కముద్ర వెనుక వెండి జింక

అన్యాయం జరిగింది గడియారాల పనివాడు లీన్‌హార్ట్‌కి. 1617 జనవరిలో, దొరగారి వింతల గదిలో.

బల్ల మీద తనంతట తాను నడిచే వెండి జింక ఒకటుంది. దాన్ని బాగుచేస్తూ అతను ఓ మూల కూర్చుని ఉన్నాడు. దొర వేటకు బయల్దేరే హడావిడిలో, గది కాపలాదారు ఉర్బాన్ లోపలికి తొంగి కూడా చూడకుండా తలుపు వేసేశాడు. దొర దాని మీద లక్క పోయించి ఉంగరం ఒత్తాడు. ఆ ముద్రను దొర చెయ్యే విప్పాలి. ఇంకో చెయ్యి విప్పితే ఆ చెయ్యి నరికేస్తారు.

సాయంత్రానికి తలుపు చప్పుడైంది. ఉర్బాన్ పెళ్లాం అపొలోనియా విన్నది.

"ఏమయ్యా, లోపల మనిషున్నాడు."

"గడియారాలే. నోర్మూసుకో."

"గడియారం గోళ్లతో గీకుతుందా?"

"పోయేది నా చెయ్యి. నీదేం పోయింది?"

చెయ్యి దక్కింది. లీన్‌హార్ట్ దాహంతో పోయాడు. దొర తిరిగొచ్చి, జింక మీద గీత పడలేదు కదా అని అడిగాడు. మహానుభావుడు!

ఏడాది తిరిగింది. ఈస్టర్ ఉపవాసాలు మొదలయ్యే ముందురోజు, మధ్యాహ్నం. కిటికీలకు మంచు అడ్డుపడి గది మసకగా ఉంది. దొర ఆ గదిలోనే విందు పెట్టాడు. చుట్టూ అల్మారాల్లో దంతపు బంతి, దాని కడుపులో ఇంకో బంతి, దాని కడుపులో మరొకటి. వెండి తొడిగిన కొబ్బరి చిప్ప. మీట నొక్కితే కూసే ఇత్తడి పిట్ట. మైనం వాసన, కాల్చిన పందిమాంసం వాసన. బల్ల దగ్గర పదమూడుమంది అయ్యారని, ఆ కీడు పోవడానికి కాపలాదారునీ పెళ్లాన్నీ చివర కూర్చోబెట్టారు.

ఆట అందరికీ తెలిసిందే. కీ ఇచ్చి వదిలితే జింక ఎవరి ముందు ఆగితే వాళ్లు దాని తల ఊడదీసి, ఒంట్లో పోసిన ద్రాక్షసారా అంతా తాగాలి. అది ఖాళీ అయ్యేదాకా తలుపు బయటినుంచి మూసే ఉంటుంది, ఎవరూ లేవకూడదు.

జింక ఉర్బాన్ ముందు ఆగింది.

"తాగరా! ఊరికే వస్తే లక్క కూడా తాగేవాడివేగా!" దొర నవ్వాడు. అందరూ నవ్వారు.

ఉర్బాన్ ఎత్తాడు. గొంతు ముడి పైకీ కిందికీ ఆడింది. తాగుతూనే ఉన్నాడు. దించాడు. పెదాలు పొడిగా ఉన్నాయి. జింక నిండుగానే ఉంది.

"నోట్లోకి రావట్లేదే..." పెళ్లాం చెవిలో గొణిగాడు.

"వేషాలెయ్యకు."

"ఒట్టు... చుక్క కూడా..."

అపొలోనియా వేలు ముంచింది. తడిసింది. ఆ వేలు అతని పెదవికి రాసింది. పెదవిని తాకేసరికి వేలు పొడిగా ఉంది.

మళ్లీ ఎత్తాడు. కింది పెదవి చిట్లింది. రక్తం రాలేదు.

నవ్వులు ఆగిపోయాయి.

"ఆట చాలు దొరా. తలుపు తీయించండి," అంటూ అపొలోనియా లేచింది.

"ఖాళీ కాలేదుగా. కూర్చో."

"మీ ఆట మండిపోనూ! నా మొగుడు చస్తున్నాడు!"

పరుగెత్తి తలుపు లాగింది. రాలేదు. గుద్దింది. దొర కూడా వచ్చి గుద్దాడు. "తీయండ్రా!" అని గొంతు చించుకున్నాడు.

బయట కాపలావాళ్ల గొంతులు, చాలా మెల్లగా...

"విన్నావా? లోపల ఏదో..."

"ముద్ర కనబట్లేదా? దొర వేటకెళ్లాడు. ఎలకలై ఉంటాయి. పద."

దొర తన చేతివంక చూసుకున్నాడు. ఉంగరం వేలికే ఉంది. దాని గాడిలో ఎర్రటి లక్క... ఇంకా మెత్తగా.

అడుగులు దూరమయ్యాయి. వెనకాల ఉర్బాన్ కుర్చీలోంచి జారిపడ్డ చప్పుడు. అపొలోనియా వెళ్లి తల ఒళ్లో పెట్టుకుంది. ఊపిరి లేదు. నాలుక చెక్కముక్కలా ఉంది.

"నాకూ... గొంతెండుతోంది," బల్ల దగ్గర ఎవరో అన్నారు. కూజాలన్నీ నిండుగానే ఉన్నాయి.

తలుపు కింద సందులో కాగితం కొస కనబడింది. తాను తిరిగొచ్చి ముద్ర విప్పే రోజు రాసి, దొర లక్క కింద ఎప్పుడూ ఓ చీటీ అంటిస్తాడు. అపొలోనియా పాకుతూ వెళ్లి గోటితో లాగింది. చదవడం ఆమెకు వచ్చు. ఈవాళ ఫిబ్రవరి ఇరవై ఏడు. చీటీ మీద దస్తూరీ దొరదే.

1618 ఏప్రిల్ 14.