పద్దెనిమిది మందిలో ఫస్టు

నాగేశ్వరమ్మకు ఏదైనా తెలియని సంగతి చెవిన పడితే, అది తెలుసుకునేదాకా అన్నం సయించదు. చాట్రాయి నుంచి నూజివీడు బస్సెక్కితే పక్కసీటువాళ్ల ఊరూ, పేరూ, వెళ్లే పనీ అడక్కుండా ఆవిడ ఏనాడూ దిగలేదు. "మా అత్తయ్యను పోలీసుల్లో వేసుకోవాల్సింది" అని కోడలు రోజా నవ్వుతూ ఉంటుంది.

ఆ ఉదయం మామిడితోటలో షెడ్డు కింద ఎండుగడ్డి పరిచి, అత్తాకోడళ్లు చిన్న రసాలు ఏరుతున్నారు. మచ్చ పడినవి ఒక పక్కకి, మంచివి ట్రేలలోకి. సీజను ఆఖరుకొచ్చింది, బడులు తెరిచేశారు. తొమ్మిది పాసై పదిలోకి వచ్చిన మనవరాలు హరిచందన కూడా బడికి తయారై, వెళ్లేముందు నాలుగు కాయలు ఏరుతూ కూర్చుంది.

కొడుకు రవిచంద్ర బండి తాళం తీసుకుని వచ్చాడు. "అమ్మా, ఇవాళ బడికెళ్లి చందూ టీసీ తీసుకుంటున్నాను. విజయవాడ హాస్టల్లో సీటు మాట్లాడాను."

"నేను వెళ్లను నాన్నా. మన బడిలో నేనే ఫస్టు కదా" అంది చందన.

"పద్దెనిమిది మందిలో ఫస్టు. అదీ ఒక ఫస్టేనా?"

చందన చేతిలోని మంచి కాయ మచ్చకాయల్లోకి వెళ్లిపోయింది. వారం రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. కానీ ఆ మాట మాత్రం ఇవాళే పుట్టింది.

"పిల్లని పట్టుకుని అవేం మాటలండీ?" అంది రోజా.

"ఉన్నమాటే అన్నాను. అక్కడ నలభయ్యో ర్యాంకు వచ్చినా ఇక్కడి ఫస్టు కంటే నయం. నూజివీడు ట్రిపుల్ ఐటీ సీటు పదో తరగతి మార్కులతోనే ఇస్తారు. ఇంత దగ్గర్లో పెట్టుకుని పోగొట్టుకుంటామా?"

నాగేశ్వరమ్మ ఏరడం ఆపి తలెత్తింది. "అక్కడి నలభయ్యో ర్యాంకు గొప్పదో, ఇక్కడి ఫస్టు గొప్పదో ఆ కాలేజీవాళ్లకి ఎలా తెలుస్తుందిరా?"

"ఎలాగో తెలుస్తుందిలే అమ్మా."

"అంటే నీకు తెలీదన్నమాట."

క్లాసు ర్యాంకు కూడా చూస్తారని ఎవరో అన్నారంది రోజా. పెద్ద స్కూళ్ల పిల్లలకే ముందు ఇస్తారని విన్నానంది చందన. ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. తెలియని సంగతి పట్టుకుని వారం రోజులు ఇల్లు పీకి పందిరేశారని నాగేశ్వరమ్మకు అప్పుడు అర్థమైంది.

ఇంతలో అనూష వాళ్ల నాన్నకి క్యారేజీ పట్టుకుని వచ్చింది. వాళ్ల నాన్న మల్లయ్య ఈ తోటలోనే కాయలు కోస్తాడు. చందన చదివే బడిలోనే చదివి, ట్రిపుల్ ఐటీలో చేరి రెండేళ్లయింది అనూష, సెలవులకి ఇంటికొచ్చింది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఆ పిల్లని పిలిచి అడగాలని మాత్రం ఇన్నాళ్లూ ఎవరికీ తోచలేదు.

"ఇలా రామ్మా. నిన్ను ఆ కాలేజీలో ఎలా తీసుకున్నారో కాస్త చెప్పు" అంది నాగేశ్వరమ్మ, గోనెసంచి మీద చోటిస్తూ.

"పది మార్కులు చూశారు మామ్మగారూ."

"క్లాసులో ఎన్నోదానివో అడిగారా?"

"లేదండీ. ఇద్దరికీ సమానంగా వస్తే ముందు లెక్కల్లో ఎవరికెక్కువో చూస్తారంట. ఇంకోటేంటంటే, మాలాగా సర్కారు బడికి ఇంటి నుంచే వెళ్లి చదివిన వాళ్లకి, వచ్చిన మార్కులకి ఇంకొన్ని కలుపుతారు. అవి కలవకపోతే నాకు సీటు వచ్చేదే కాదు."

"ఎందుకు కలపడం?"

"ట్యూషన్లూ అవీ లేకుండా తెచ్చుకున్న మార్కులని కాబోలండీ."

నాగేశ్వరమ్మ కొడుకు వైపు చూసింది. టీసీ తీసుకుంటే పోయేది ఆ కలిపే మార్కులే. రోజా ముఖంలోకి నవ్వు రాబోయింది. రవిచంద్ర ముఖం మాత్రం ఇంకా ముడుచుకుపోయింది.

"సీటొస్తుంది, సరే. వచ్చాక?" అన్నాడు. "ఇక్కడ ఫస్టు, ఫస్టు అని గాల్లో తేలిపోయి, అక్కడికెళ్లి నేలమీద పడితే? పడేదేదో ఇప్పుడే పడితే లేవడానికి టైముంటుంది."

"పడుతుందని ఎందుకనుకుంటావురా?"

"నేను పడ్డాను కనక."

రవిచంద్ర కూడా అదే బడిలో ఫస్టు. విజయవాడలో ఇంటర్లో చేరి, ఏడాది తిరక్కుండా వచ్చేశాడు. హాస్టలు తిండి పడలేదన్నాడు. ఊళ్లో అందరినీ అన్నీ అడిగే నాగేశ్వరమ్మ, కొడుకును మాత్రం ఇంకో మాట అడగలేదు. వాడికి ఇష్టమని పెసరట్లు వేసి పెట్టింది.

"తిండి బానే ఉండేదమ్మా" అన్నాడు గొంతు తగ్గించి. "మొదటి పరీక్షలో క్లాసుకంతా నేనే ఆఖరు. నువ్వు ఇక్కడ ఊరంతా మా వాడు ఫస్టని చెప్పుకుంటున్నావు. ఏ ముఖంతో చెప్పను?"

ఇన్నేళ్లు ఆ బరువు వాడొక్కడే మోశాడా అనుకుంది ఆవిడ. చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

అనూష వెళ్లబోయి ఆగింది. "నేనూ ఆఖరొచ్చానండీ, చేరిన కొత్తలో. అక్కడందరూ వాళ్ల వాళ్ల బళ్లలో ఫస్టు వచ్చిన వాళ్లే. అందులోనూ ఎవరో ఒకరు ఆఖరవ్వాలిగా."

"మరి నువ్వేం చేశావు?" అన్నాడు రవిచంద్ర.

"రెండ్రోజులు ఏడ్చానండీ. తర్వాత పక్కమ్మాయిని అడిగి నేర్చుకున్నాను."

"అడిగితే నవ్వలేదా?"

"నవ్వింది. నవ్వి చెప్పింది."

రవిచంద్ర చేతిలోని బండి తాళం వైపు చూశాడు. "అడగొచ్చని నాకు తోచనే లేదు" అన్నాడు. "ఫస్టు వచ్చినవాడు అడక్కూడదనుకున్నాను." తాళం జేబులో వేసుకున్నాడు. ఇక బడికెళ్లి టీసీ అడిగే ఉద్దేశం లేదని రోజాకు అర్థమై, చీర చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

చందన లేచి వచ్చి తండ్రి ఎదుట గడ్డిలో చతికిలబడింది. 'అదీ ఒక ఫస్టేనా' అన్న మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. అయినా నాయనమ్మ రక్తం ఊరుకోనివ్వలేదు.

"నాన్నా, నీకు అప్పుడు ఏ పాఠం అర్థం కాలేదు?"

ఈ ప్రశ్న ఇన్నేళ్లలో అతన్ని ఎవరూ అడగలేదు. జవాబు చెప్పబోతే నవ్వొచ్చింది, దాంతోపాటే కన్నీళ్లూ వచ్చాయి.

"మొదటి పాఠమేనమ్మా" అన్నాడు.

"అది నేను నేర్చుకున్నాక నీకు చెబుతాలే" అంది చందన. ఇందాక పొరపాటున వేసిన మంచి కాయను మచ్చకాయల్లోంచి వెతికి తీసి, ట్రేలో పెట్టింది.