మొదటి చెయ్యి ఎవరిది?

సాయంత్రం కావస్తోంది... పడమటి ఎండ ఇంకా మండవలసిన వేళ! నది మీద కాటుకలాంటి మేఘం కమ్ముకుంది. పిడుగు పడితే క్రాడక్ దొర పొగాకు కొట్టం గజగజలాడింది. దూలం మీది గుడ్లగూబ పట్టపగలే కూయడం మొదలుపెట్టింది... ఆగకుండా!

ఊడదీసిన తలుపు మీద వాట్ హోబ్లీ శవం. ఓడ కిరాయికి డబ్బు లేక, ఏళ్లపాటు చాకిరీ చేస్తానని రాసిచ్చి వర్జీనియాకు వచ్చినవాడు. గడువు తీరగానే దొర వాడికి ఒక జత బట్టలు, మొక్కజొన్న, ఒక తుపాకీ ఇచ్చి పంపాలి. ఆ అవసరం రాలేదు. క్రాడక్ ఇంట గడువుకు ముందు పనివాళ్లు చావడం మామూలే!

నేను పడవ మీద సరుకు తిప్పే టిల్లీని. ఒకప్పుడు క్రాడక్‌కి కళ్లజోడూ చేతికర్రా అమ్మాను. ఈ వసంతంలో రెండూ నా ముందు పారేశాడు.

"ఇక వీటితో పని లేదు టిల్లీ. వెనక్కి తీసుకో."

డెబ్బై దాటిన మనిషి! నల్లటి జుట్టు, గట్టి పళ్లు... సరుకు వాపసు చేసినవాళ్లను చూశాను గానీ, ముసలితనాన్ని వాపసు చేసినవాణ్ణి చూడలేదు. ఏదో తూకం తప్పిందనుకున్నాను.

ఆ తూకం ఇవాళ పొద్దున రేవులో తేలింది. క్రాడక్ వంటింటి పనిమనిషి టామ్సిన్ పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"టిల్లీ అన్నా! పొయ్యిరాయి కింద పుర్రె ఉంది. దాన్నిండా చచ్చినవాళ్ల జుట్టు. నిన్న దొర దాన్ని ఒళ్లో పెట్టుకుని గొణుగుతుంటే, పెరట్లో నీళ్లు మోస్తున్న వాట్ కుప్పకూలాడు. నా జుట్టూ కత్తిరించాడు అన్నా... ఈ పొద్దు కుంకితే నా గడువు తీరుతుంది!"

"ఎవరికైనా చెప్పావా అమ్మాయీ?"

"ఎవరికి చెప్పను? మేజిస్ట్రేటూ ఆయనేగా!"

ఆ మాట ఆయన చెవిన పడింది. మధ్యాహ్నానికల్లా టామ్సిన్ చేతులకు తాడు పడింది.

"వాట్‌ను చంపిన మంత్రగత్తె ఇదే!" క్రాడక్ గర్జించాడు. "శవాన్ని తాకించండి. హంతకురాలి చెయ్యి తగిలితే శవం నెత్తురు కక్కుతుంది. కక్కిన మరుక్షణం ఉరి!"

పాస్టరు తల ఊపాడు. క్రాడక్ పెదవులు నిశ్శబ్దంగా కదిలాయి... టామ్సిన్ కళ్లు తేలిపోయాయి! ఒళ్లు విల్లులా వంగింది! ఎవరో ఈడ్చినట్టు ఆమె కాళ్లు శవం వైపు నడిచాయి. ఇంకొక్క అడుగు పడితే నెత్తురు కక్కించేది వాడి మంత్రమే. నా రక్తం కుతకుతలాడింది. ఈ పనివాళ్ల ఆయుష్షు తిన్నది చాలక, నింద కూడా వీళ్ల నెత్తినేనా!

ఒకే పట్టుతాను ముందు ఇద్దరు దొరల్ని నిలబెడితే చాలు, బేరం దానంతటదే పెరుగుతుంది. నా బతుకంతా ఆ కిటుకు మీదే నడిచింది. చర్చిలో ముందు బల్ల కోసం క్రాడక్‌తో ఏళ్లుగా కొట్లాడుతున్న హోల్‌క్రాఫ్ట్ దొర పక్కనే ఉన్నాడు.

"అదేమిటి పాస్టరుగారూ!" అన్నాను అమాయకంగా. "దొరలుండగా ముందు దాసీ తాకడమా? ఊళ్లో పెద్దదొర ఎవరో వారు మొదట తాకితే పద్ధతిగా ఉంటుంది..."

"నిజమే!" హోల్‌క్రాఫ్ట్ చేతితొడుగు విప్పుతూ ముందుకొచ్చాడు. "జరగండి. నేను తాకుతాను."

"నువ్వా?" క్రాడక్ ముఖం కందగడ్డయింది. "నీ తాత ఓడలో పందులు కాచాడు! నా ఇంట్లో, నా శవం మీద, నాకంటే ముందు నీ చెయ్యి పడుతుందా? తప్పుకో!"

మంత్రం సగంలో ఆగింది. క్రాడక్ విసురుగా అరచెయ్యి శవం గుండెల మీద వేశాడు.

చల్లటి చెయ్యి ఒకటి లేచి ఆ మణికట్టును పట్టుకుంది!

"వదులు... వదులు కుక్కా! నేను నీ యజమానిని!"

శవం ముక్కు నుంచి, నోటి నుంచి నల్లటి నెత్తురు భళ్లున చిమ్మింది. ఇంటివైపు నుంచి పొయ్యిరాయి పగిలిన చప్పుడు! టామ్సిన్ గొంతులోంచి ఆమెది కాని గొంతులు... మగవి, ఆడవి, పసివి... ఒక్కసారిగా అరిచాయి.

"మా ఏళ్లు! మా ఏళ్లు మాకిచ్చెయ్!"

క్రాడక్ జుట్టు నెరిసింది... రాలింది. పళ్లు ఊడి గడ్డం మీంచి జారాయి. వీపు వంగింది. చర్మం ఎండాకులా ముడుచుకుని, పగిలి, దుమ్మయింది! పట్టుకోటు ఒక్కటే నేల మీద కూలింది, లోపల మనిషి లేకుండా.

వాట్ చెయ్యి మెల్లగా వాలిపోయింది. గుడ్లగూబ ఎగిరిపోయింది. మేఘం విడి, పడమటి ఎండ కొట్టంలోకి ఏటవాలుగా పడింది.

అందరికంటే ముందు తేరుకున్నది హోల్‌క్రాఫ్టే.

"వారసులు లేరు కాబట్టి ఈ ఆస్తి చూసుకునే బాధ్యత నాది," అన్నాడు, చేతితొడుగు వేసుకుంటూ. "పిల్లా, వెళ్లి నా ఇంట్లో పొయ్యి రాజెయ్యి."

నేను టామ్సిన్ కట్లు కోశాను. ఆమె తిన్నగా ఇంట్లోకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి భుజాన మొక్కజొన్న మూట, ఒంటి మీద కొత్త గౌను, చేతిలో క్రాడక్ తుపాకీ ఉన్నాయి.

"ఒకసారి నది వైపు చూడు దొరా," అంది తుపాకీలో మందు దట్టిస్తూ. "పొద్దు కుంకింది."