బి నొక్కిన వేలు

"ఏమండీ, బి నొక్కండి. బి నొక్కితే యాభైకి యాభై."

పక్క కుర్చీలోంచి వచ్చిన ఈ ఉచిత సలహాకి అమ్మాయి తల కూడా తిప్పలేదు.

"మీ స్క్రీన్ మీరు చూసుకోండి."

"నాది చూసుకుంటే ముప్పై రెండే కనిపిస్తోందండీ, అందుకే మీది చూస్తున్నా. వారం నుంచి గమనిస్తున్నాను. రోజూ నలభైతొమ్మిదే. రోజూ అదే ప్రశ్న, రోజూ మీరు అదే డి నొక్కుతారు, రోజూ అదే ఎర్ర ఇంటూ. మొండితనానికి కూడా ఓ హద్దుండాలి కదా!"

"వారం నుంచి ఆడపిల్ల స్క్రీన్‌లోకి తొంగి చూస్తున్నానని నోటితో చెప్పుకుంటున్నారు. సిగ్గుకి కూడా ఓ హద్దుండాలి."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అబ్బాయి మొహం కందగడ్డ అయింది. ప్రేమకథలు ఇంతకన్నా మర్యాదగా మొదలవుతాయని మీరు అనుకుంటే అది మీ ఇష్టం. ఈ కథ ఇలాగే మొదలైంది.

వాళ్లిద్దరూ కూర్చున్నది ఓ ఇరుకు నెట్ సెంటర్లో. ఇద్దరూ రాయబోతున్నది బాయిలర్ ఆపరేటర్ లైసెన్సు పరీక్ష. ఆవిరి పుట్టించే ఆ ఇనప పీపా దగ్గర సొంతంగా నిలబడి పని చేయాలంటే ఆ లైసెన్సు ఉండి తీరాలి. దానికి చదివేవాళ్లందరికీ దిక్కు ఒకటే వెబ్‌సైటు. అందులో రోజూ యాభై ప్రశ్నల ప్రాక్టీస్ టెస్టు పెడతారు.

అమ్మాయి ఓ ఆస్పత్రి లాండ్రీలో పని చేస్తుంది. రోగుల దుప్పట్లు ఉడకబెట్టే బాయిలర్ దగ్గర సహాయకురాలు. అక్కడి పెద్దాయన త్వరలో రిటైర్ అవుతున్నాడు. లైసెన్సు వస్తే ఆ ఉద్యోగం ఆమెది, రాకపోతే బయటినుంచి ఎవరినో తెస్తారు. ఇంట్లో ఆమె, ఆమె వదిన, ఇద్దరే. బతకడానికి ఆధారం ఆ జీతమొక్కటే.

అబ్బాయిది బిస్కెట్ ఫ్యాక్టరీ బాయిలర్. ఏ ప్రశ్నలో 'పైవన్నీ' అన్న ఆప్షన్ కనిపించినా కళ్లు మూసుకుని అదే నొక్కేస్తాడు.

"పైవన్నీ అంటే ఎవరినీ నొప్పించినట్టుండదు కదండీ," అన్నాడు ఓసారి.

"మిమ్మల్ని బాయిలర్ నొప్పిస్తుంది లెండి," అంది ఆమె.

ఆ రోజునుంచి ఆమెకి అతను పైవన్నీ. అతనికి ఆమె నలభైతొమ్మిది.

ఓ సాయంత్రం కుండపోతగా వాన పట్టుకుంది. నెట్ సెంటర్ వాడు కరెంటు పోయిందని అందరినీ బయటికి తోలేశాడు. చూరు కింద ఇద్దరూ ఇరుక్కుని నిలబడ్డారు. అతను సగం తడుస్తూ ఆమెకి చోటిచ్చాడు. ఆ తడవడం ఆమె చూడాలని కాస్త ఎక్కువగానే వణికాడు. ఆమె చూసింది, చూడనట్టు వాన వైపు తిరిగింది.

"నలభైతొమ్మిది గారూ, ఓ మాట అడగనా? బాయిలర్లో నీళ్లెంతున్నాయో చూపించే గేజ్ గ్లాసులో నీళ్లు కనపడకపోతే ముందు ఏం చేయాలి అంటాడు. నీళ్లు తగ్గాయి కాబట్టి పంపు వేసి నీళ్లు పట్టాలి, అది బి. సైటువాడూ అదే కరెక్టంటాడు. మీరేమో మంట ఆపాలని డి పెడతారు. నీళ్లు తగ్గితే నీళ్లు పట్టడమే కదా న్యాయం?"

"ఎర్రగా కాలిన పెనం మీద చెంబుడు నీళ్లు పోశారా ఎప్పుడైనా?"

"చుయ్‌మంటుంది."

"ఆ పెనం గదంత ఉంటే?"

మొదలుపెట్టాక ఆమె ఇక ఆగలేకపోయింది.

"మా అన్నయ్య బట్టలకి రంగులేసే ఫ్యాక్టరీలో చేసేవాడు. ఇదే పరీక్ష, ఇదే సైటు. వాడికి రోజూ యాభైకి యాభై. ఓ రోజు గ్లాసులో నీళ్లు కనపడలేదు. వాడు బి నొక్కాడు."

వాన మోత పెరిగింది.

"బాయిలర్ పేలాక మూడు రోజులు బతికున్నాడు ఆస్పత్రిలో. మా వదిన కనపడినప్పుడల్లా ఒకటే అడిగాడు, నేను కరెక్టే చేశాను కదా, కరెక్టే చేశాను కదా అని."

"ఆవిడేమన్నారు?"

"కరెక్టే చేశారు, పడుకోండి అంది. ఇంకేమంటుంది? తర్వాత ఎంక్వైరీ వాళ్లొచ్చి ఆపరేటర్ నిర్లక్ష్యం అని తేల్చి వెళ్లారు. ఇప్పుడు వదిన అన్నయ్య ఊసెత్తితే ఒకటే మాట. అంత తెలిసిన మనిషికి ఆ పూట బుద్ధి ఏ గడ్డి మేసిందో అని. ఆ సైటు వాళ్లకి ఎన్నిసార్లు రాశానో! మీ అమూల్యమైన సూచనకి ధన్యవాదాలు అని జవాబొస్తుంది. జవాబుల కీ మాత్రం మారదు. అందుకే నేను బి నొక్కను. చచ్చినా నొక్కను."

"ఇంత జరిగాక కూడా మళ్లీ బాయిలర్ పనేనా మీకు?"

"అన్నయ్య నాకు నేర్పిన పని అదొక్కటే. పైగా సరైన జవాబు తెలిసినవాళ్లు ఒక్కరైనా దాని ముందు నిలబడాలి కదా."

మర్నాడు అతను టెస్టు రాసి, గొప్ప ఘనకార్యం చేసినవాడిలా స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు. ముప్పై ఆరు. ఆ ప్రశ్న దగ్గర ఎర్ర ఇంటూ.

"డి పెట్టాను. ఓ మార్కు పోయింది."

"ఆ ఒక్కటేనా పోయింది?"

"మిగతా పదమూడూ నా సొంతం. ఇది మాత్రం మీకోసం పోగొట్టుకున్నాను."

ఆమె నవ్వింది. అన్నయ్య పోయాక ఆ మొహంలోకి అలాంటి నవ్వు రావడం అదే మొదలు. ఆ నవ్వుకి పైవన్నీ గుండె జారి ఎక్కడ పడిందో వెతుక్కునే ఓపిక కూడా అతనికి లేకపోయింది. ఆ పైన మీరు పోయి నువ్వు వచ్చింది. ప్రెషర్ గురించి అతనికి ఆమె చెప్పేది. చెబుతున్నంతసేపూ ఆమె కనురెప్పలు చూసి, చివర్లో "మళ్లీ చెప్పవా?" అనేవాడు.

పరీక్ష దగ్గరపడేకొద్దీ సెంటర్లో పుకార్లు మొదలయ్యాయి. అసలు పరీక్షలో ప్రశ్నలు ఈ సైటులోంచే మక్కీకి మక్కీ దిగుతాయట, జవాబుల కీ కూడా అదేనట. ఇంకోటి మాత్రం పుకారు కాదు, రూలే. కొన్ని ప్రశ్నలు ప్రాణాపాయం ప్రశ్నలు. అవి ఏవో ముందు చెప్పరు. వాటిలో ఒక్కటి తప్పినా, మిగతావన్నీ ఒప్పయినా ఫెయిలే.

"కీ కూడా అదే అయితే?" అంది ఆమె మెల్లగా.

"అయితే ఇద్దరం ఫెయిలవుదాం. తోడుగా ఉంటుంది. పాసైతే మాత్రం మీ ఇంటికొస్తాను."

"ఎందుకు?"

"మీ వదినగారి కాళ్లు పట్టుకోవడానికి. నాకు నువ్వు కావాలి. దీనికి వేరే ఆప్షన్లు లేవు."

అమ్మాయి చెవులదాకా ఎర్రబడింది. వెంటనే ఆ ఎరుపు దిగిపోయింది. "బాయిలర్ మనిషిని మా వదిన గుమ్మం ఎక్కనివ్వదు. ఈ పరీక్ష రాస్తున్నానని నాతోనే సరిగా మాట్లాడటం లేదు."

పరీక్ష హాల్లో చల్లటి ఏసీ. అందరూ పిల్లుల్లా కదులుతున్నారు. ఆమెకి ప్రశ్నలన్నీ తెలిసినవే. చకచకా వెళ్తోంది. అంతలో అది రానే వచ్చింది. అవే మాటలు. అదే వరసలో ఎ, బి, సి, డి.

అంటే పుకారు నిజమే. ప్రశ్న ఇదే అయితే కీ కూడా ఇదేనేమో. ఇది ప్రాణాపాయం ప్రశ్నే అయివుంటుంది. డి పెడితే ఉద్యోగం పోతుంది. వచ్చే నెల అద్దె ఎవరు కడతారు? వదిన ఎక్కడికి పోతుంది? ఇన్ని నెలలుగా డి పక్కన చూసిన ఎర్ర ఇంటూలన్నీ ఒక్కసారిగా కళ్లముందు మెదిలాయి. డి అని మనసు అంటూనే ఉంది. వేలు మాత్రం బి నొక్కేసింది.

వెనక్కి వెళ్లి మార్చుకోవచ్చు. మార్చుకోలేదు. భయం అలాంటిది.

సబ్‌మిట్ నొక్కగానే ఫలితం. నలభైతొమ్మిది. దానికింద, అనర్హులు. ప్రాణాపాయం ప్రశ్న తప్పు. సరైన జవాబు: డి.

బయట గేటు దగ్గర పైవన్నీ గాల్లో తేలుతున్నాడు. "పాస్! ముప్పై ఎనిమిదితో పాస్! నీ ప్రశ్న వచ్చింది చూశావా? నీ జవాబే పెట్టాను. మీ అన్నయ్య మీద ఒట్టు. నీకెంత?"

ఆమె అతని మొహం చూడలేకపోయింది. ఎదురుగా ఆగిన బస్సు ఎటు వెళ్తుందో కూడా చూడకుండా ఎక్కేసింది.

తర్వాతి రోజులు ఘోరంగా గడిచాయి. లాండ్రీలో బాయిలర్ దగ్గరికి ఎవరో కొత్త మనిషి వచ్చాడు. ఆమెని దుప్పట్లు మడతపెట్టే బల్ల దగ్గరికి మార్చారు, జీతం తగ్గించారు. అతను ఫోన్ చేసినప్పుడల్లా కట్ చేసింది. ఫెయిలయ్యానని వదినతో చెప్పింది. ఎలా ఫెయిలయిందో మాత్రం చెప్పలేదు. అన్నయ్యని చంపిన జవాబు తన చేత్తో తనే పెట్టానని ఆ మనిషితో ఎలా చెబుతుంది?

ఆదివారం పొద్దున్నే తలుపు చప్పుడైంది. వదినే వెళ్లి తీసింది.

"ఎవరు కావాలి?"

"నలభైతొ... అదే, మీ ఆడపడుచు."

"నువ్వేం చేస్తుంటావు?"

పైవన్నీ చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. "బిస్కెట్ ఫ్యాక్టరీలో... బాయిలర్ అండీ."

వదిన చెయ్యి తలుపు మీదికి వెళ్లింది. లోపలినుంచి అమ్మాయి గొంతు వినిపించింది. "పొమ్మను వదినా."

"నేను పోను," అన్నాడు అతను, తలుపు సందులోంచే. "ఫెయిలయితే ఏమైంది? ఆర్నెల్లకి మళ్లీ రాస్తావు. నీ జవాబు పెట్టి నేను పాసయ్యాను, నువ్వు నా మొహమే చూడనంటే నేనేమైపోవాలి? పోనీ ఏ ప్రశ్న తప్పిందో అదైనా చెప్పు."

"అదే తప్పింది." ఆమె గదిలోంచి బయటికి వచ్చేసింది. "బి పెట్టాను. విన్నావా? నేను బి పెట్టాను."

వదిన మెల్లగా ఇటు తిరిగింది.

"ఏ ప్రశ్నే?"

"అన్నయ్య ప్రశ్న."

"తెలిసేనా?"

"తెలిసే వదినా. భయమేసింది. ఉద్యోగం పోతుందని, నిన్నెలా చూసుకోవాలని భయమేసింది. డి అని తెలుస్తూనే ఉంది. ఇన్నాళ్లూ డి పెడితే తప్పు తప్పని చూపించి చూపించి... వేలు దానంతటదే వెళ్లిపోయింది. నన్ను తిట్టు. కొట్టినా పడతాను."

వదిన తిట్టలేదు. గోడ పట్టుకుని గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

"ఏసీలో కుర్చీలో కూర్చున్నదానివి," అంది. "అంతా తెలిసినదానివి. నీకే అంత భయమేస్తే, ఆ మోతలో, ఆ వేడిలో నిలబడ్డ మనిషికి..." మాట పూర్తి చేయలేకపోయింది. "రెండేళ్లుగా తిడుతూనే ఉన్నానే ఆయన్ని. నన్ను ఇలా వదిలేసి పోయాడని, బుద్ధి లేదని. పోయిన మనిషిని పట్టుకుని రోజూ తిట్టానే."

అన్నయ్య పోయిన రోజు కూడా రాని ఏడుపు ఆ గుమ్మంలో వచ్చింది ఆవిడకి. అమ్మాయి పక్కన చతికిలబడి గట్టిగా పట్టుకుంది. తను చేసిన తప్పుకి వదినని క్షమాపణ అడగాలో, అన్నయ్యని అడగాలో తెలియక ఇద్దరికోసం తనూ ఏడ్చింది. పైవన్నీ చెప్పులు చేత్తో పట్టుకుని మెట్టు మీద అలాగే ఉన్నాడు. ఒక్క మాట కూడా అనకుండా ఉండటం అతని జీవితంలో అదే మొదటిసారి.

చివరికి వదిన కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వేం పెట్టావు?"

"డి అండీ. మంట ఆపాలి."

"దీనికోసం పెట్టావా, తెలిసి పెట్టావా?"

"మొదట్లో తనకోసమేనండీ. పరీక్షలో మాత్రం తెలిసే పెట్టాను."

ఆవిడ అతని కాళ్లవైపు, చేతులవైపు, కాలిన మచ్చలున్న మోచేతులవైపు చాలాసేపు చూసింది.

"మానేయమంటే మానేస్తావా ఆ పని?"

అతను నేల చూపులు చూశాడు. "ఇంకోటి చేతకాదండీ."

"ఆయనా అదే అనేవాడు." ఆవిడ లేచి నిలబడింది. "సరే, విను. రోజూ పని అయ్యి గేటు బయటికి రాగానే ఫోన్ చేయాలి. దానికి కాదు, ముందు నాకు. ఆ రోజు నాకెవరూ చేయలేదు. వీధిలో అంబులెన్సు వెళ్తుంటే, పాపం ఎవరికో అనుకుని పక్కకి తప్పుకున్నాను."

"చేస్తాను. తప్పకుండా చేస్తాను వదినగారూ."

"వదినేమిటయ్యా? వదిన దానికి. నీకు అక్కనవుతాను."

అతనికి ఆ వరస వెంటనే అందలేదు. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నవాడిలా తెల్లమొహం వేసి చూశాడు. అమ్మాయికి ముందే అర్థమైంది. కళ్లనీళ్లు ఇంకా ఆరని మొహాన్ని వదిన భుజంలో దాచేసుకుంది.

"రేపు రెండింటికి షిఫ్టు అయిపోతుంది," అన్నాడు అతను. "రెండుంబావుకి చేస్తాను అక్కా."